కొక్కేనికి తగిలించని పైపు

అసూయ కడుపులో పుడుతుందంటారు. నాకు మాత్రం కుడి భుజంలో పుట్టింది.

రెండువేల దశకం మొదట్లో నేను ఢిల్లీలో ఒక చిన్న ప్రైవేటు ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి. యమున మధ్యలోకి వెళ్ళి సీసాల్లో నీళ్ళు పట్టి తేవడం, వాటిలో ఏమేం కలిశాయో పరీక్షించడం, ఆ కాగితాలు ప్రభుత్వ ఆఫీసుకి పంపడం ఆ ల్యాబ్ పని. పరీక్షలు చేసే కెమిస్టులు వేరే ఉన్నారు. నాది పడవ. వజీరాబాద్ ఆనకట్టకి దిగువన ఒక రేవులో మా ఫైబర్ పడవ కట్టేసి ఉండేది. దాని వెనక చెక్కకి తగిలించిన ఇంజనుకి ఇరవయ్యేళ్ళు దాటాయి. ల్యాబ్ పెట్టిన సారుది కాకినాడ. ఒకసారి ఊరెళ్ళినప్పుడు హార్బర్ దగ్గర ఆ పాత ఇంజనుని చూసి ముచ్చటపడి కొని, రైల్లో వేయించుకుని తెచ్చారు. మెకానికల్ డిప్లొమా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నాకప్పగించారు.

మాది విజయవాడ. కృష్ణ ఒడ్డున పుట్టినవాణ్ణని అందరికీ చెప్పుకునేవాణ్ణి గాని, అప్పటిదాకా నేను పడవెక్కింది రెండే రెండుసార్లు, అదీ టికెట్టు కొనుక్కుని. ఇంజను పుస్తకం ఒకటి ఎలాగో సంపాదించి జిరాక్స్ తీయించాను. మునిర్కాలో నా అద్దె గదిలో కూర్చుని దాన్ని పరీక్షకి చదివినట్టు బట్టీ పట్టాను. అయినా అది నా మాట వింటేనా! పొద్దున్నే వెళ్ళి తాడు లాగడం మొదలుపెడితే ఇరవైసార్లు, చలికాలమైతే నలభైసార్లు లాగాల్సి వచ్చేది. నేను లాగుతున్నంతసేపూ సారు ఒడ్డున చేతులు కట్టుకుని నిలబడేవారు. చివరికి అది దగ్గి, పొగ కక్కి, అందుకోగానే "వెరీ గుడ్" అనేవారు. ఆ రెండు మాటల కోసం భుజం ఊడి చేతికొచ్చినా ఫర్వాలేదనిపించేది. సాయంత్రం గదికొచ్చి భుజానికి మందు రాసుకుంటూ, నేను లేకపోతే ఈ ల్యాబ్ గతేంటి అని తెగ మురిసిపోయేవాణ్ణి.

అలా రెండేళ్ళు గడిచాయి. మూడో ఏడు దసరా వెళ్ళాక సారు ఒక మనిషిని వెంటబెట్టుకుని రేవుకొచ్చారు.

ముప్పై ఐదేళ్ళుంటాయి. సన్నగా, నల్లగా, మెడలో చిన్న సిలువ. ఊరు ఉప్పాడ. తాతల నాటి నుంచీ సముద్రమే. భార్య నర్సు. ఆమెకి ఢిల్లీలో పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం వస్తే, వలలు అన్నల మీద వదిలేసి, కూతుర్ని ఎత్తుకుని ఆమె వెనక వచ్చేశాడు. సారు వాళ్ళ అత్తగారిని ఆ ఆసుపత్రిలో చేర్చినప్పుడు నర్సమ్మ మాటలో కాకినాడ వైపు యాస పట్టేశారట. మీ ఆయనేం చేస్తారమ్మా అంటే, వేటకెళ్ళేవాడండి, ఇప్పుడు ఇంట్లో ఉంటున్నాడండి అందట. ఇంకేం, మర్నాడే పిలిపించేశారు. మూడు నెలలు చూద్దాం, కుదిరితే ఉంచేద్దాం అన్నారు నాతో. సీసాలు అందించడానికి ఒక చెయ్యి సాయమని నేను కూడా సంతోషించాను. ఎంత అమాయకుణ్ణో చూడండి.

ఆరోజు ముప్పైసార్లు లాగాను. సారు ముందు, కొత్త మనిషి ముందు, నా ప్రతాపం చూపించుకోవద్దూ! ఇంజను ఉలకలేదు పలకలేదు. చెమటలు కారుతున్నాయి. అప్పుడతను గొంతు సవరించుకుని, "మాస్టారూ, ఓసారి నేను చూడొచ్చాండి?" అన్నాడు.

"చూడు" అన్నాను. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్దవాణ్ణి మొదటిరోజే ఏకవచనంలో పిలిచాను. అతను చివరిదాకా నన్ను మీరనే అన్నాడు.

వంగి ఇంజను దగ్గర ఒక్కసారి వాసన చూశాడు. ట్యాంకు నుంచి వచ్చే పైపు ఊడదీశాడు. నేను బయటికి లాగి ఉంచిన చోక్‌ని లోపలికి నెట్టాడు. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి, ఊరికే అరడజనుసార్లు తాడు లాగాడు. ప్లగ్గు విప్పి, భుజం మీది తుండుతో తుడిచి, మళ్ళీ బిగించాడు. "పీకల్దాకా తాగేసిందండి. ఇంకేం లేత్తాది?" అన్నాడు. పైపు తగిలించి, తాడుని మెల్లగా లాగి, లోపల పళ్ళు పట్టుకున్నట్టు తెలిశాక ఒక్క గుంజు గుంజాడు. మూడోసారికి అందుకుంది.

సారు చప్పట్లు కొట్టారు. నిజంగానే కొట్టారు, చిన్నపిల్లాడిలా. "ఏంటోయ్ కెప్టెనూ, ఎక్కడ దాక్కున్నావింతకాలం?" అన్నారు.

నాతో సారు ఎప్పుడూ సగం ఇంగ్లీషులో, ఆఫీసు మాటల్లో మాట్లాడేవారు. ఆ యాస, ఆ చనువు రెండేళ్ళలో ఒక్కసారీ నా వైపు రాలేదు. పైగా అసలు సంగతి అప్పుడే బోధపడింది. ఇంజను రెండేళ్ళుగా మొరాయించలేదు. ప్రతిసారీ చోక్ లాగి, పెట్రోలు పంపి, నేనే దాని గొంతు దాకా నింపి ముంచుతూ వచ్చాను. నా భుజం నొప్పికి కారణం నా తెలివితక్కువతనం. ఆ సాయంత్రం మందు రాసుకోవడానికి కూడా ఒళ్ళు మండింది.

అంతటితో పోయిందా? ఇంజను పక్కన పైపుకి ఒక మూడు దారుల ట్యాపు ఉండేది. రెండోదారి దేనికో నాకర్థం కాక, అదేదో అదనపు భాగమనుకుని నల్ల టేపు చుట్టి మూసేశాను. పుస్తకంలో దాని ఊసే లేదు. రెండోరోజు అతను ఆ టేపు చూసి, గోటితో మెల్లగా విప్పుతూ, ఎవరో తెలియనివాళ్ళు కట్టేసినట్టున్నారండి అన్నాడు. ఎవరో అని అతనికి తెలుసు. నా పరువు కాపాడుతున్నాడని నాకూ తెలుసు. దాంతో ఇంకా మండింది.

అది కిరసనాయిలు దారి. మన తీరంలో ఆ ఇంజన్లన్నీ అలాగే నడుస్తాయట. ముందు పెట్రోలు మీద స్టార్టు చేస్తారు. వేడెక్కాక ట్యాపు తిప్పి కిరసనాయిలు మీద నడుపుతారు. తిరిగొచ్చేటప్పుడు ఒడ్డు కనపడగానే మళ్ళీ పెట్రోలుకి మార్చాలి. లేకపోతే కార్బురేటర్ కింద ఉండే చిన్న గిన్నెలో కిరసనాయిలు ఉండిపోతుంది. చల్లారాక దాంతో ఇంజను లేవదు. ఇదంతా నాకు చెప్పింది అతనే. ఓపిగ్గా, చేయించి చూపించాడు. ఒడ్డుకి చేరాక ఇంకొక పని కూడా చేసేవాడు. బటన్ నొక్కి ఆపేవాడు కాదు. నడుస్తుండగానే ఇంజను దగ్గర పైపు ఊడదీసేవాడు. లోపల మిగిలిన కాస్తా తాగేసి, రెండు దగ్గులు దగ్గి, తనంతట తానే ఆగిపోయేది. ఆ పైపుని చుట్టగా చుట్టి, పడవ లోపల కొక్కేనికి తగిలించేవాడు. రోజూ అంతే. నేను రెండేళ్ళలో ఒక్కరోజు కూడా ఆ పైపు ఊడదీసి ఎరగను.

సారు కిరసనాయిలుకి వేరే ట్యాంకు పెట్టించి, ఖర్చు తగ్గిందని మురిసిపోయారు. కొన్నాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పకుండానే ఇంజను అతని చేతికి, సీసాలు నా చేతికి వచ్చేశాయి. నేను పడవ ముందు భాగంలో వంగి, మురికి నురగలో చెయ్యి పెట్టి నీళ్ళు పట్టేవాణ్ణి. అతను వెనక కూర్చుని, ఒక చేత్తో ఇంజను పిడి పట్టుకుని, నది కేసి చూస్తూ ఉండేవాడు. ఆ కూర్చోవడం చూస్తేనే నాకు భుజం సలిపేది. మనిషి పుట్టడమే అలా కూర్చుని పుట్టాడేమో అన్నంత తేలిగ్గా కూర్చునేవాడు. నాకు రెండేళ్ళయినా నడుం బిగుసుకుపోయేది.

రేవులో తెడ్లేసే పడవలవాళ్ళు కూడా అతని చుట్టూ చేరేవారు. అతని హిందీ వింటే నవ్వొస్తుంది. "భయ్యా, ఏక్ మినిట్, ఏ నహీ, ఓ" అంటూ చేతులు తిప్పేవాడు. వాళ్ళకంతా అర్థమైపోయేది. నేను రెండేళ్ళ బట్టి శుభ్రమైన హిందీ మాట్లాడుతున్నా నమస్తేకి నమస్తే తప్ప ఇంకో మాట పుట్టలేదు.

మధ్యాహ్నం ఒడ్డున కూర్చుని తినేవాళ్ళం. నాది మునిర్కా మెస్సులో కట్టించుకున్న రాజ్మా, రెండు రోటీలు. అతని క్యారేజీ మూత తీస్తే ఎండు మెత్తళ్ళు వంకాయ కూర వాసన రేవంతా కమ్మేసేది. ఊళ్ళోంచి చేపలు తెప్పించుకునేవారట. నైట్ డ్యూటీ చేసొచ్చి కూడా ఆవిడ వండి కట్టిచ్చేది. నాకింకా పెళ్ళి కాలేదు. సగం కూర నా రోటీ మీద వేసేవాడు. వద్దని చచ్చినా అనలేకపోయేవాణ్ణి. తిన్నంతసేపూ రుచిగా ఉండేది. చెయ్యి కడుక్కునేటప్పుడు మళ్ళీ మంట.

ఒకరోజు అలా తింటున్నప్పుడే చెప్పాడు. ఆసుపత్రి క్వార్టర్లలో అందరూ తనని 'సిస్టర్‌గారి హజ్బెండ్' అంటారట. పేరుతో పిలిచేవాళ్ళే లేరట. నవ్వుతూనే అన్నాడు. కూతురు రెండో తరగతి. బళ్ళో నాన్న ఏం చేస్తారో బొమ్మ వేసుకురమ్మంటే పోయినేడు ఖాళీ కాగితం పట్టుకెళ్ళిందట. ఈసారి పడవ వేసింది. ఆ కాగితాన్ని తెచ్చి మా పనిముట్ల పెట్టె మూతకి లోపలివైపు నాలుగు మూలలా టేపు వేసి అతికించాడు. నీలంరంగు పడవ. వెనక ఇంజను పట్టుకుని పెద్ద మనిషి. ముందు ఒక చిన్న మనిషి, చేతిలో సీసా.

"ఇది మీరేనండి మాస్టారూ" అన్నాడు, చాలా ఇష్టంగా.

నాకు అతని ముఖం కనపడలేదు. ఆ సీసా కనపడింది.

జనవరి మొదట్లో సారు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పారు. కొత్త కాంట్రాక్టుకి ముందు ఇద్దరు ఆఫీసర్లు వచ్చి పడవ పని చూసి వెళ్తారు. కాగితాల్లో ఒక ఆపరేటరు పేరు, ఒక హెల్పరు పేరు రాయాలి. ఇంజను అతను నడుపుతాడు, ఆరోజు సవ్యంగా జరిగితే ఆపరేటరుగా అతని పేరే, ఉద్యోగం పర్మనెంటు. నేను హెల్పరు. నా జీతంలో తేడా ఉండదని సారు రెండుసార్లు చెప్పారు, అదే నా బాధ అయినట్టు. ఒకవేళ సవ్యంగా జరగకపోతే? అది నేను అడగలేదు. మూడు నెలల గడువు ఆ వారంతోనే అయిపోతుంది కాబట్టి అడగక్కర్లేదు కూడా.

తనిఖీకి ముందురోజు సాయంత్రం మేమిద్దరం ఒకసారి పడవ తిప్పి చూశాం. ఒడ్డు కనపడగానే అతను పెట్రోలుకి మార్చాడు. రేవు చేరాక పైపు ఊడదీశాడు. ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగింది. పైపు చుట్టి కొక్కేనికి తగిలించాడు. ఆవిడకి డ్యూటీ మారిందని, పిల్లని తనే బడి నుంచి తీసుకొచ్చి పక్కింట్లో వదిలి వచ్చానని, తొందరగా వెళ్ళాలని అన్నాడు. గొలుసు వేసి తాళం పెట్టే పని నామీద పెట్టి, రేపు ఏడుకల్లా వస్తానండి అని వెళ్ళిపోయాడు. ఐదు దాటింది. పొగమంచు దిగుతోంది. పడవలవాళ్ళు అవతల చలిమంట దగ్గరున్నారు.

నేను గొలుసు పట్టుకుని కాసేపు నిలబడ్డాను. ముందే అనుకుని చేశానా అంటే, లేదు. అనుకోకుండా చేశానా అంటే, అదీ అబద్ధమే. కొక్కేనికి ఉన్న పైపు తీసి ఇంజనుకి తగిలించాను. అతను నేర్పినట్టే తాడు మెల్లగా లాగి, పట్టు తెలిశాక గుంజాను. వేడి మీదుంది కదా, వెంటనే అందుకుంది. ట్యాపు కిరసనాయిలు వైపు తిప్పాను. రెండు మూడు నిమిషాలకి పొగ వాసన మారింది. అప్పుడు బటన్ నొక్కి ఆపేశాను. ట్యాపు మళ్ళీ పెట్రోలు వైపు తిప్పి, గొలుసు వేసి, తాళం బిగించి, రింగు రోడ్డు చుట్టూ తిరిగే ముద్రికా బస్సెక్కాను. బస్సులో చాలా హుషారుగా ఉన్నాను. ఎవరో సీటు అడిగితే లేచి ఇచ్చాను కూడా.

మర్నాడు ఏడున్నరకి మఫ్లర్లు చుట్టుకుని ఆఫీసర్లు దిగారు. సారు కోటు వేసుకొచ్చారు. అవతలి గట్టు కనపడడం లేదు. అతను ఉతికిన చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని వచ్చాడు. నాకేసి నవ్వి, పడవలోకి అడుగుపెట్టి, చెయ్యి అలవాటుగా కొక్కేనికి పోనిచ్చాడు.

కొక్కెం ఖాళీగా ఉంది. పైపు ఇంజనుకే తగిలించి ఉంది.

అంతా ఆలోచించానే, పైపు ఊడదీయడం నాకు తట్టనే లేదు. రెండేళ్ళు అది ఇంజనుకే ఉండేది. నా చేతికి ఆ అలవాటు లేదు.

అతను గాల్లో ఉన్న చేతిని అలాగే వెనక్కి తీసుకున్నాడు. కూర్చుని, పైపు మధ్యలో ఉండే రబ్బరు బుడ్డి నొక్కి, చోక్ లాగి, తాడు లాగాడు. ఒకటి, రెండు, ఐదు, పది. ఇంజను మూలగలేదు కూడా. ఆఫీసర్లలో ఒకాయన వాచీ చూసుకున్నాడు. సారు నవ్వు మొహం మీదే ఉండిపోయింది, తీయడం మరిచిపోయినట్టు. నిజం చెప్తున్నాను, ఆ పది గుంజులూ నాకు పండగలా అనిపించాయి. ఇన్నాళ్ళూ నా ఒక్కడికే చెమటలు పట్టాయి, ఇప్పుడు చూడండి అనుకున్నాను.

అతను లేచి ఒక్కొక్కటే చూడడం మొదలుపెట్టాడు. గేరు న్యూట్రల్లో ఉందో లేదో చూశాడు. ట్యాంకు ఊపి పెట్రోలు ఉందో లేదో చూశాడు. ట్యాంకు మూత మీది గాలి మర వదులు చేసే ఉందా, ఆపే బటన్ లోపలే ఇరుక్కుందా, అదీ చూశాడు. ప్రతిదానికీ నాకేసి తిరిగి, "గాలి మర మీరు చూశారాండి మాస్టారూ?" "బటన్ మీరు నొక్కారాండి?" అని అడిగేవాడు. పదిమందిలో అంత మెల్లగా, అంత మర్యాదగా. నేను ఊఁ, లేదు అంటూ జవాబిచ్చాను. అతను అలా అడుగుతున్నది ఇంజను గురించి కాదని నాకు మూడో ప్రశ్నకే అర్థమైంది.

ప్లగ్గు విప్పాడు. దాన్ని ఇంజను ఇనుముకి ఆనించి తాడు లాగితే నీలంగా నిప్పురవ్వ వచ్చింది. నిప్పు బాగానే ఉంది. ప్లగ్గు మాత్రం తడి. ఆ తడిని మునివేలితో తీసి ఎడమ చేతి వెనక రాసుకున్నాడు. పెట్రోలయితే చల్లగా తగిలి చూస్తుండగానే ఎగిరిపోవాలి. అది జిడ్డుగా అలాగే ఉండిపోయింది. చేతిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

అప్పుడు సూటిగా నాకేసి చూసి అడిగాడు.

"నిన్న నేనెళ్ళాక ఇంజను జోలికి ఎవరైనా వచ్చారాండి?"

"లేదు" అన్నాను. "ఎవరూ రాలేదు."

అతను తల ఊపాడు. సారు దగ్గరికి వెళ్ళి, ఆఫీసర్లు కూడా వినేలా, "తప్పు నాదేనండి. నిన్న పెట్రోలుకి మార్చకుండా ఆపేశాను. పది నిమిషాలివ్వండి" అన్నాడు.

పది నిమిషాలు కూడా పట్టలేదు. పైపు ఊడదీసి, బుడ్డి నొక్కి, అందులో ఉన్న కిరసనాయిలు ఒక డబ్బాలోకి పట్టాడు. కార్బురేటర్ కింద మర విప్పి గిన్నె ఖాళీ చేశాడు. ప్లగ్గు తుడిచి ఆరబెట్టి బిగించాడు. నాలుగోసారికి ఇంజను అందుకుంది. ఆఫీసర్లని నది మధ్యకి తీసుకెళ్ళి, నాలుగు చోట్ల ఆపి, తిప్పి తీసుకొచ్చాడు. నేను ముందు కూర్చుని సీసాలు నింపాను. వాళ్ళు చలికి ముడుచుకుని ఉన్నారు గాని తప్పేమీ పట్టలేదు. సంతకం పెట్టి వెళ్ళిపోయారు.

వాళ్ళ కారు కదిలాక సారు అతని మీద విరుచుకుపడ్డారు. నలుగురిలో తల తీసేసినట్టయిందన్నారు. నీలాంటివాడు కూడా అంత చిన్న సంగతి మరిచిపోతే ఎలా అన్నారు. ఆ తిట్టులో కూడా ఆ యాస, ఆ చనువు. తిట్టి తిట్టి చివరికి మెత్తబడి, సరే పో, పేరు నీదే రాస్తాను, ఇంకోసారి జరిగిందో ఊరుకోను అన్నారు. నేను నిలబడి వింటున్నాను. ఇంత చేసినా పడవ అతనిదే అన్నమాట.

"రాయకండి" అన్నాడతను. "రేపట్నుంచి నేను రానండి."

సారు తెల్లబోయారు. ఒక్క మాటన్నందుకే ఇంత పౌరుషమా అన్నారు. బతిమాలినంత పని చేశారు. అతను చేతులు కట్టుకుని, కాదండి, కుదరదండి అనడం తప్ప ఇంకేం చెప్పలేదు. సారు కోపంతో కారెక్కి వెళ్ళిపోయారు.

నేను పడవ దగ్గరికి వెళ్ళాను. అతను పనిముట్ల పెట్టె సర్దుతున్నాడు. సారుకి నిజం ఎందుకు చెప్పలేదని అడిగాను. క్షమించమని అడగాల్సింది. ఇది అడిగాను.

"చెప్తే ఏమవుద్దండి. నేను ఔనంటాను, మీరు కాదంటారు" అన్నాడు. గొంతులో కోపం లేదు. "మా ఊళ్ళో ఇంకోడి ఇంజను మీద చెయ్యేసినోడితో తగువాడం మాస్టారూ. ఆడితో పడవెక్కం. అంతే."

నేను నీళ్ళకేసి చూశాను. ఇది యమున, సముద్రం కాదు, మునిగితే నడుం లోతు అని ఏదో గొణిగాను. అతను వినిపించుకోలేదు. వాళ్ళ పాప వేసిన పడవ బొమ్మ గురించి అడుగుదామనుకున్నాను. ఆ మాట అనే మొహం నాకెక్కడిది?

వెళ్ళేముందు ఇంజను మళ్ళీ స్టార్టు చేశాడు. పెట్రోలు మీద రెండు నిమిషాలు నడవనిచ్చాడు. పైపు ఊడదీశాడు. అది రెండు దగ్గులు దగ్గి ఆగింది. పైపుని చుట్టగా చుట్టి, కొక్కేనికి తగిలించలేదు. నా చేతికిచ్చాడు. తుండు భుజాన వేసుకుని గట్టెక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ నేనతన్ని చూడలేదు.

మర్నాడు నీళ్ళు పట్టాల్సిన రోజు. సారు ముభావంగా వచ్చి ఒడ్డున చేతులు కట్టుకుని నిలబడ్డారు, పాతరోజుల్లో లాగే. ఎముకలు కొరికే చలి. ప్లగ్గు స్పానరు కోసం పనిముట్ల పెట్టె తెరిచాను. మూత లోపల నాలుగు మూలల్లో నాలుగు టేపు ముక్కలున్నాయి. కాగితం లేదు.

పైపు తగిలించాను. బుడ్డి నొక్కాను. చోక్ లాగి, తాడు మెల్లగా లాగి, పట్టు తెలిశాక ఒక్కసారి గుంజాను. ఒకే ఒక్కసారి. ఇంజను అందుకుంది. రెండేళ్ళ మూడు నెలల్లో చల్లారిన ఇంజను నా చేతిలో అలా అందుకోవడం అదే మొదలు.

సారు మొహం విప్పారింది. పడవలోకి దిగుతూ నా భుజం మీద చెయ్యేసి, "ఏంటోయ్ కెప్టెనూ, ఇంత పనిమంతుడివని చెప్పనే లేదే" అన్నారు.

కుడి భుజం మీదే వేశారు. నేను ఇంజను పిడి పట్టుకుని, పడవని నది మధ్యకి తిప్పాను.